తెల్ల ఎలుగుబంటి పేరెత్తితే వణికిన మనిషే మిగిలింది

ధైర్యవంతులే మంచులోంచి, అడవిలోంచి బతికి బయటపడతారా? వందేళ్ల అనుభవాలు చూస్తే అలా అనిపించదు.

1921 సెప్టెంబరులో, సైబీరియాకు ఉత్తరాన మంచు సముద్రంలో ఉన్న రాంగెల్ దీవి మీద ఐదుగురు దిగారు. నలుగురు యువకులు, ఒక యువతి. తోడుగా ఒక పిల్లి. యువకుల్లో ఒకడు 1914లో ఓడ పోగొట్టుకుని ఇదే దీవికి చేరి, నెలల తరబడి ఆకలికి ఓర్చి బయటపడ్డవాడు. ఇంకొకడు ధ్రువప్రాంతంలో ఏళ్లు గడిపినవాడు. యువతి పేరు ఏడా బ్లాక్‌జాక్. అలాస్కాలోని ఇన్యుపియాట్ తెగ మనిషి, వయసు 23. వేటగాళ్ల జాతిలో పుట్టినా ఆమె పెరిగింది నోమ్ పట్టణంలో, మిషనరీల దగ్గర. వంట వచ్చు, కుట్టు వచ్చు, బైబిలు చదవడం వచ్చు. తుపాకీ పట్టడం రాదు, ఉచ్చు పన్నడం రాదు. తెల్ల ఎలుగుబంటి పేరెత్తితే వణుకు.

మరెందుకు వెళ్లింది? భర్త వదిలేశాడు. ముగ్గురు బిడ్డల్లో మిగిలింది ఒక్కడే, వాడికి క్షయ. వైద్యానికి డబ్బుల్లేక పిల్లాణ్ని అనాథాశ్రమంలో ఉంచింది. బొచ్చుతోలు బట్టలు కుట్టిపెడితే నెలకు 50 డాలర్లు ఇస్తామన్నారు. ఒప్పుకుంది. తనతో పాటు తన జాతి కుటుంబాలు కూడా వస్తాయని ఆమెకు చెప్పారు. తీరా ఓడ ఎక్కేసరికి ఒక్కరూ రాలేదు.

యాత్రకు పథకం వేసిన అన్వేషకుడు స్టెఫాన్సన్ మాత్రం దీవికి వెళ్లలేదు. ఉత్తరధ్రువ ప్రాంతం మనిషికి చుట్టంలాంటిదనీ, వేటాడడం తెలిసినవాడికి అక్కడ తిండికి లోటుండదనీ ఆయన వాదన. అందుకే ఆరు నెలలకు సరిపడా సరుకులే ఇచ్చి పంపారు. మరుసటి వేసవిలో రావలసిన ఓడ మంచు దాటలేక వెనక్కి పోయింది. వేట తగ్గింది. 1923 జనవరిలో ముగ్గురు యువకులు సాయం తెస్తామని గడ్డకట్టిన సముద్రం మీదుగా సైబీరియా వైపు బయల్దేరారు. వాళ్లు ఏమయ్యారో ఈనాటికీ ఆచూకీ లేదు. నాలుగోవాడు లోర్న్ నైట్ స్కర్వీతో మంచం పట్టాడు. ఏడాయే వాడికి వండి పెట్టింది, కట్టెలు కొట్టింది, తిట్లు తిన్నది. జూన్‌లో వాడూ పోయాడు.

అప్పటికే ఆమె నక్కలకు ఉచ్చులు పన్నడం నేర్చుకుంది. తనంతట తనే తుపాకీ కాల్చడం సాధన చేసింది. ఎలుగుబంట్లు దూరంలో ఉండగానే కనిపించేలా గుడారం దగ్గర ఎత్తుగా మంచె కట్టుకుంది. తోలుతో పడవ కుట్టుకుంది. డైరీ రాసుకుంది. ఆగస్టు 20న ఓడ వచ్చేసరికి దీవి మీద ప్రాణంతో ఉన్నది ఆమె, ఆ పిల్లి. డబ్బు చేతికందాక కొడుక్కి సియాటిల్‌లో వైద్యం చేయించింది. 85 ఏళ్లు బతికి 1983లో కన్నుమూసింది.

ఆ ఐదుగురినీ వరసగా కూర్చోబెట్టి ఇవాళ్టి వ్యక్తిత్వ పరీక్ష పెట్టామనుకుందాం. ‘ఈ మనిషి పనికిరాదు’ అని మొదట కొట్టేసే పేరు ఏడాదే అయ్యుండేది. దీవికి వెళ్లిన మొదటి వారాల్లో ఆమె ఇంటిమీద బెంగతో పని మానేసి ఏడ్చింది, ఎటో నడుచుకుంటూ పోయింది. ఆమెను దారికి తెస్తామని ఆ యువకులు కట్టేసి మరీ శిక్షించారు. పరీక్ష ఆ వారంలో పెడితే వచ్చే మార్కులు ఒకటి. పద్దెనిమిది నెలల తర్వాత పెడితే వచ్చేవి ఇంకొకటి.

నాలుగు అక్షరాల జాతకం

పుర్రెకో బుద్ధి అని మనవాళ్లు ఏనాడో తేల్చేశారు. ఆ బుద్ధుల్ని లెక్కపెట్టి డబ్బాల్లో సర్దాలన్న ముచ్చట మాత్రం ఇరవయ్యో శతాబ్దానిది. స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ యుంగ్ 1921లో మనస్తత్వ రకాల మీద పుస్తకం ప్రచురించాడు. (ఏడా రాంగెల్ దీవికి వెళ్లిన ఏడాదే.) అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇజబెల్ బ్రిగ్స్ మయర్స్ దాన్ని పట్టుకుని, మనుషుల్ని 16 రకాలుగా విడగొట్టే ప్రశ్నపత్రం తయారు చేశారు. ఇద్దరూ మనస్తత్వశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నవాళ్లు కారు. కూతురు అంతకుముందు బహుమతి పొందిన ఒక డిటెక్టివ్ నవల రాసింది. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు ఒకరినొకరు ‘నీది ఏ టైపు?’ అని అడిగే నాలుగక్షరాల కోడ్ అదే. సరదాకి బాగానే ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే, కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి వేరే టైపు వస్తుంది. మనిషి అంత త్వరగా మారడు కదా, మరి మారింది ఏమిటి?

పరిశోధకులు ఎక్కువగా నమ్మేది ఐదు కొలతల పద్ధతిని. కొత్తదనం మీద ఆసక్తి, పద్ధతి ప్రకారం నడిచే గుణం, నలుగురిలో కలివిడితనం, సర్దుకుపోయే స్వభావం, ఆందోళన పడే తత్వం. ఇందులో ఎవరూ ఒక డబ్బాలో పడరు. ప్రతి మనిషిలోనూ ఐదూ ఉంటాయి, పాళ్లు తేడా. ఆపదలో ఏ పాళ్లు మంచివి అన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు వెతకడానికి ప్రయోగశాల ఎవరూ కట్టలేరు. కానీ 1914లో ఒక ఓడ బయల్దేరింది.

28 మంది, 28 తిక్కలు

ఎర్నెస్ట్ షాకిల్టన్ ఎండ్యూరెన్స్ యాత్ర గురించి చదివినవాళ్లకు ఒక పత్రికా ప్రకటన గుర్తుండే ఉంటుంది. ప్రమాదకరమైన ప్రయాణానికి మనుషులు కావాలి, జీతం తక్కువ, తిరిగివస్తారన్న నమ్మకం లేదు అన్న ధోరణిలో ఉంటుంది. మేనేజ్‌మెంట్ క్లాసుల్లో దాన్ని ఇప్పటికీ చూపిస్తారు. ఎంతమంది ఎన్ని పాత పత్రికలు తిరగేసినా ఆ ప్రకటన అచ్చయిన ఆధారం దొరకలేదు. షాకిల్టన్ మనుషుల్ని ఎంచుకున్న తీరు అంతకన్నా విచిత్రంగా ఉంటుంది. భౌతికశాస్త్రవేత్త రెజినాల్డ్ జేమ్స్‌ను ఆయన అడిగిన ప్రశ్నల్లో ఒకటి, పాడగలవా అని. కచేరీ చేయమని కాదు, నలుగురితో గొంతు కలపగలవా అని.

ఓడ 1915 జనవరిలో అంటార్కిటికా దగ్గర వెడెల్ సముద్రంలో మంచులో ఇరుక్కుంది. అక్టోబరులో దాన్ని వదిలేశారు, నవంబరు 21న మునిగింది. 28 మంది మంచుపలకల మీద గుడారాలు వేసుకుని నెలల తరబడి తేలుతూ, 1916 ఏప్రిల్‌లో మూడు చిన్న పడవల్లో ఎలిఫెంట్ దీవి చేరారు. ఏప్రిల్ 24న షాకిల్టన్ ఐదుగురిని వెంటబెట్టుకుని జేమ్స్ కెయర్డ్ అనే చిన్న పడవలో సౌత్ జార్జియాకు బయల్దేరాడు. సుమారు 1,300 కిలోమీటర్ల సముద్రం, ప్రపంచంలోకెల్లా పెద్ద అలలు. మే 10న ఒడ్డు చేరారు. దీవిలో వెనక ఉండిపోయిన 22 మందిని ఆగస్టు 30న తీసుకొచ్చారు. 28కి 28 మందీ బతికారు. ఇది అందరూ చెప్పే కథ. ఆ మనుషులు ఎలాంటివాళ్లో చూస్తే కథ ఇంకా రుచిగా ఉంటుంది.

వడ్రంగి హ్యారీ మెక్‌నిష్. స్కాట్లాండ్ మనిషి, బృందంలో వయసులో పెద్దవాళ్లలో ఒకడు, మొండి. ఓడ వదిలేశాక కుక్కపిల్లలతో పాటు అతని పిల్లి మిసెస్ చిప్పీని కూడా షాకిల్టన్ కాల్పించాడు. మెక్‌నిష్ దాన్ని చచ్చేదాకా క్షమించలేదు. పడవల్ని మంచు మీద ఈడ్చుకెళ్లమన్నప్పుడు అతను అడ్డం తిరిగాడు. ఓడ మునిగాక ఒప్పందమూ మునిగింది, నీ మాట నేనెందుకు వినాలి అన్నది అతని లాయరు పాయింటు. అలాంటివాణ్ని ఏ హెచ్ఆర్ విభాగమూ తీసుకోదు. కానీ జేమ్స్ కెయర్డ్ అంచులు ఎత్తు పెంచి, పైన కాన్వాసు పరిచి, సందుల్లో రంగూ సీల్ రక్తమూ పూసి ఆ పడవను సముద్రానికి తట్టుకునేలా చేసింది అతనే. అతని మొండితనమూ, అతని పనితనమూ ఒకే చెట్టు కాయలు. చేతిలో కొయ్యముక్క ఉన్నప్పుడు ఎవరి మాటా వినని మనిషే, ఎదుట నాయకుడున్నప్పుడూ వినలేదు. ఒడ్డు చేరాక షాకిల్టన్ అతనికి పోలార్ మెడల్ సిఫారసు చేయలేదు. నా మటుకు నాకు అది చిన్నబుద్ధిగానే తోస్తుంది. మెక్‌నిష్ 1930లో వెల్లింగ్టన్‌లో పేదరికంలో చనిపోయాడు. 2004లో ఎవరో పూనుకుని అతని సమాధి మీద కంచు పిల్లిబొమ్మ పెట్టించారు.

ఇక థామస్ ఆర్డ్-లీస్. సరుకుల లెక్క చూసేవాడు. ఎవరికీ పడడు. గురక పెడతాడు, బరువు పనికి మొహం చాటేస్తాడు, తిండి దాచుకుంటాడు, రేపటి గురించి నిత్యం భయపడతాడు. ఇంకా ఎక్కువ సీల్ మాంసం నిల్వ చేద్దామని అతను పోరు పెట్టేవాడు. షాకిల్టన్ ఒప్పుకునేవాడు కాదు, అలా నిల్వ చేస్తే మనం ఇక్కడే ఉండిపోతామని జనం అధైర్యపడతారని. ఎలిఫెంట్ దీవిలోనూ ఇదే వాదన నడిచింది. ఆగస్టు చివర్లో ఓడ కనిపించేసరికి వాళ్ల దగ్గర తిండి దాదాపు అయిపోవచ్చింది. ఇంకో నెల ఆలస్యమైతే, అందరూ వెక్కిరించిన పిరికివాడి లెక్కే సరైనదని తేలేది. ఓడ వచ్చింది కాబట్టి ఆశావాది గెలిచాడు. చరిత్ర గెలిచినవాడి స్వభావాన్నే పాఠం చేసి చెబుతుంది, అక్కడే మోసపోతాం.

షాకిల్టన్ ఈ స్వభావాల్ని మార్చడానికి పూనుకోలేదు. ఎవరిని ఎక్కడ పెట్టాలో మాత్రం తెలుసుకున్నాడు. ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీకి తనను లెక్కచేయాలన్న కోరిక ఎక్కువ. అతన్ని తన గుడారంలోనే ఉంచుకుని సలహాలు అడిగేవాడు. నలుగురి మనసూ విరిచేవాళ్లనూ దగ్గరే పెట్టుకునేవాడు. సామాన్లన్నీ వదిలెయ్యాల్సి వచ్చినప్పుడు బంగారు నాణేలు మంచులో పారేశాడు గానీ, వాతావరణ నిపుణుడు హస్సీ బాంజో వాయిద్యాన్ని మాత్రం వదలనివ్వలేదు. జేమ్స్ కెయర్డ్‌లో తనతో తీసుకెళ్లినవాళ్లలో మెక్‌నిష్, జాన్ విన్సెంట్ ఉండడానికి కారణాల్లో ఒకటి, వాళ్లు వెనక ఉంటే గొడవలు రేగుతాయన్నదే.

విన్సెంట్ సంగతి చెప్పుకోవాలి. చేపలవేట ఓడల్లో పనిచేసిన కండబలం గలవాడు, తోటివాళ్ల మీద దౌర్జన్యం చేసేవాడు. పైకి చూస్తే ఇతనే ఉక్కుమనిషి. పడవలో సగం దారిలోనే అతను మనసూ ఒళ్లూ రెండూ డస్సిపోయి కూలబడ్డాడు. అదే పడవలో ఐరిష్ నావికుడు టిమోతీ మెకార్తీ ఉన్నాడు. మంచునీళ్లు మెడలోంచి కారుతున్నా, చుక్కాని పట్టే వంతు మారుతూ, రోజు భలే ఉంది దొరా అన్న ధోరణిలో నవ్వుతూ పలకరించేవాడని కెప్టెన్ వర్‌స్లీ రాశాడు. బలం ఎక్కడుందో ముఖం చూసి చెప్పడం కష్టం. (మెకార్తీ ఆ సముద్రాన్ని దాటివచ్చి, 1917లో మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు.)

ఇదే యాత్రలో రెండో బృందం ఒకటుంది, దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. అంటార్కిటికాకు అవతలి పక్కన, రాస్ సముద్రం వైపున ఆహారం నిల్వలు పెట్టడానికి వెళ్లినవాళ్లు. ముగ్గురు చనిపోయారు. అందులో నాయకుడు ఈనియాస్ మాకింటాష్ చావు వింతైనది. స్కర్వీతో చావు అంచుకు వెళ్లి, తోటివాళ్లు బండి మీద వేసుకుని లాక్కొస్తే, సురక్షితమైన గుడిసెకు చేరాడు. తిండి ఉంది, ఒళ్లు కోలుకుంటోంది. సముద్రం గట్టిపడేదాకా ఓపిక పట్టడమొక్కటే మిగిలిన పని. అది అతని వల్ల కాలేదు. 1916 మే 8న వద్దన్నా వినకుండా మరొకరిని వెంటబెట్టుకుని లేత మంచు మీద నడిచి వెళ్లాడు. కాసేపటికి మంచుతుపాను వచ్చింది. ఇద్దరూ మళ్లీ కనిపించలేదు. ఏదో ఒకటి చేయకపోతే ఉండలేని గుణం అతన్ని అన్ని వందల కిలోమీటర్లు నడిపించింది. కూర్చోవలసినరోజున అదే చంపింది.

బిక్కచచ్చిపోయేవాళ్లే ఎక్కువ

బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ లీచ్ ఓడ ప్రమాదాలు, అగ్నిప్రమాదాలు, విమాన ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్లను ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఆపద విరుచుకుపడ్డ మొదటి నిమిషాల్లో పదిమందిలో ఒకరిద్దరు మాత్రమే నిలకడగా ఆలోచిస్తారని ఆయన లెక్క. సుమారు 75 శాతం మంది మొద్దుబారిపోతారు. ఎవరైనా చెబితే చేస్తారు, లేకపోతే నిలబడి చూస్తూ ఉంటారు. మిగిలినవాళ్లు కేకలు, ఏడుపులు, పిచ్చి పరుగులు. సినిమాల్లో చూపించేది ఈ చివరి రకాన్నే. నిజానికి ప్రాణాలు ఎక్కువగా పోయేది మధ్యలోవాళ్లవి, మౌనంగా.

ఇందులో స్వభావం పాత్ర కొంతే. మెదడు కొత్త పరిస్థితికి కొత్తగా ఉపాయం ఆలోచించడానికి సమయం పడుతుంది. ముందే నేర్చుకున్నది ఉంటే తీసి వాడుకుంటుంది. అందుకే విమానంలో ఎయిర్‌హోస్టెస్ చూపించే సైగలు మనకు విసుగనిపించినా, ఎమర్జెన్సీ తలుపు ఎక్కడుందో ఒకసారి తల తిప్పి చూసుకున్నవాడు, పుట్టుకతో ధైర్యవంతుడైన పక్కసీటువాడికన్నా ముందు బయటపడే అవకాశముంది.

పెరూలో 1971 డిసెంబరు 24న పిడుగుపడి విమానం ఒకటి అమెజాన్ అడవి మీద ముక్కలైంది. అందులో ఉన్న 92 మందిలో బతికింది ఒక్క యులియానే కోప్కే. అప్పటికి ఆమెకు 17 ఏళ్లు. సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తునుంచి సీటుతో సహా పడింది. మెడ దగ్గరి ఎముక విరిగింది, కళ్లజోడు పోయింది, కాలికి ఒక్క చెప్పే మిగిలింది. ఆ చెప్పున్న కాలినే ముందు వేస్తూ పాములేమైనా ఉన్నాయేమో చూసుకుంటూ నడిచింది. సన్నటి నీటిపాయ దొరికితే దాని వెంట పోయింది. పాయ వాగులో కలుస్తుంది, వాగు నదిలో కలుస్తుంది, నది ఒడ్డున మనుషులుంటారు. పదకొండో రోజున కలప కొట్టేవాళ్లు ఆమెను చూశారు. ఆమె ఏ టైపు? ఎవరికి కావాలి! తల్లిదండ్రులిద్దరూ జంతుశాస్త్రజ్ఞులు, పాంగ్వానా అనే పరిశోధన కేంద్రం నడిపారు, ఆమె కొంతకాలం అక్కడ అడవిలోనే గడిపింది. నీటి దారి పట్టుకో అన్నది తండ్రి నేర్పిన మాట.

2023లో కొలంబియా అడవిలో విమానం కూలి తల్లిని పోగొట్టుకున్న నలుగురు తోబుట్టువులు 40 రోజులు ఎలా బతికారన్నదీ ఇదే తీరు. పెద్దపిల్లకు 13 ఏళ్లు, ఆఖరిది ఇంకా చంటిబిడ్డ. వాళ్లు హుయిటోటో తెగ పిల్లలు. విమానంలో దొరికిన కర్రపెండలం పిండి కొన్నాళ్లు తిన్నారు, అది అయిపోయాక ఏ కాయ తినొచ్చో ఏది తినకూడదో ఆ పెద్దపిల్లకు తెలుసు. ఇంట్లో చిన్నవాళ్లను చూసుకోవడం ఆమెకు ముందునుంచీ అలవాటే.

అయితే స్వభావానికి అసలు విలువే లేదా? ఉంది. అది రెండువైపులా కోస్తుంది. 2003 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటా లోయల్లో యారన్ రాల్స్టన్ అనే పర్వతారోహకుడి కుడిచెయ్యి బండరాయి కింద ఇరుక్కుంది. తాను ఎక్కడికి వెళ్తున్నదీ ఎవరికీ చెప్పలేదు, అదే అతని ప్రాణం మీదకు తెచ్చింది. ఒంటరిగా తిరగడం, ఎవరికీ లెక్క చెప్పనక్కరలేదన్న ధోరణి. ఐదు రోజులకు పైగా అతను ఇంజనీరులా ఒక్కో ఉపాయం వేసి, కుదరక ఇంకోటి వేసి, చివరికి ఎముకలు ముందు విరగ్గొడితే మొండి కత్తితో కూడా మాంసం కోయొచ్చని లెక్క కట్టి, చెయ్యి తెంచుకుని నడిచి వచ్చాడు. అతన్ని ఇరికించిన స్వభావమూ, విడిపించిన స్వభావమూ ఒకటే. ‘127 గంటలు’ సినిమా చూసినవాళ్లు రెండో సగాన్నే గుర్తుపెట్టుకుంటారు.

రెండు గంటలకు వెనక్కి తిరిగినవాడు

కొండల్లో అన్నింటికన్నా అరుదైన గుణం వెనక్కి తిరగడం. స్వీడన్‌కు చెందిన యోరాన్ క్రోప్ 1995 అక్టోబరులో తన దేశంనుంచి సైకిలు మీద బయల్దేరి నేపాల్ దాకా తొక్కాడు. తన సామాన్లు తానే మోశాడు. ఆక్సిజన్ సిలిండరు వాడనన్నాడు. 1996 మే నెల మొదట్లో ఎవరెస్టు కొనకు దాదాపు వంద మీటర్ల దిగువన, మధ్యాహ్నం రెండు దాటిందని చూసుకుని వెనక్కి తిరిగాడు. అంతదూరం సైకిలు తొక్కి వచ్చినవాడు! అక్కడే ఉన్న న్యూజీలాండ్ గైడు రాబ్ హాల్ ఆ నిగ్రహాన్ని మెచ్చుకున్నాడు. రాబ్ హాల్ కూడా పద్ధతికి పెట్టింది పేరు. ముందు ఏడాది తన బృందాన్ని కొన దగ్గర్నుంచి వెనక్కి తిప్పినవాడే. అలాంటివాడే ఆ మే 10న, ముందు ఏడాది తాను వెనక్కి తిప్పిన ఒక అమెరికన్ ఖాతాదారు కోసం నాలుగు గంటలు దాటేదాకా కొన దగ్గర ఉండిపోయాడు. ఇద్దరూ దిగిరాలేదు. అప్పుడు విరుచుకుపడ్డ తుపానులో కొండ మీద మొత్తం ఎనిమిది మంది పోయారు. క్రోప్ ఆ నెలలోనే మళ్లీ ఎక్కి కొన చేరాడు.

హాల్ కూడా జాగ్రత్తపరుడే. అతన్ని ఆ రోజు వెనక్కి తిరగనివ్వనిది తెగువ కాదు, మొహమాటం అనుకుంటాను. పోయినసారి నిరాశ పెట్టిన మనిషిని మళ్లీ ఎలా నిరాశ పెడతాం? తెలుగువాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

మన పిల్లలు ఇప్పుడు కేదారకంఠ, ఎవరెస్టు బేస్ క్యాంపు దారులు పట్టారు. ఆఫీసులో సెలవు పెట్టి, జిమ్‌లో కండ పెంచుకుని వెళ్తారు. ఎత్తుకు వచ్చే జబ్బుకు కండతో పనిలేదు. రోజుకు పది కిలోమీటర్లు పరిగెత్తేవాడికీ వస్తుంది, పొట్ట ఉన్న బాబాయికీ వస్తుంది. మొదట తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం. ఆ లక్షణాలుండగా ఇంకా పైకి ఎక్కకూడదు, ముదిరితే వెంటనే కిందికి దిగాలి అన్నదొక్కటే సూత్రం. ఇక్కడ ఎవరు ఇబ్బందుల్లో పడతారు? నా వల్ల అందరి ట్రిప్పు పాడవుతుందేమో అని తలనొప్పిని దాచుకునే సర్దుబాటు మనిషి. నాకేం కాదులే అనే బలశాలి. ఊరికే గొణిగే ఆందోళనపరుడు మాత్రం మొదటిరోజే గైడు ప్రాణం తీసేస్తాడు. వాడు బతుకుతాడు.

మన దగ్గర మనుషుల్ని ఎంచిన తీరూ చూడాలి. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ టిబెట్ వైపునుంచి ఎవరెస్టు ఎక్కింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా కొన చేరాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు. వాళ్లను ఎంచింది ప్రశ్నపత్రంతో కాదు. ముందు భువనగిరి ఏకశిల గుట్ట ఎక్కించారు, తర్వాత డార్జిలింగ్ శిక్షణకు పంపారు, ఆ తర్వాత లడఖ్ చలిలో ఉంచారు. ఒక్కో దశలో వడపోత. ఎవరెస్టు దారిలో శవాలు చూసినప్పుడు భయమేసిందని పూర్ణ తర్వాత చెప్పింది. భయం లేనివాళ్ల కోసం కాదు ఆ వడపోత. భయం వేశాక కూడా తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో గుర్తున్నవాళ్ల కోసం.

అంటార్కిటికాకు వెళ్లే మన బృందాల్నీ ఇలాగే ఉత్తరాఖండ్‌లోని ఔలీకి పంపి, ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) వాళ్ల చేత మంచులో నడిపిస్తారు. అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి కేంద్రాల్లో చలికాలం గడపడమంటే నెలల తరబడి అవే ముఖాలు, అదే చీకటి. అమెరికా నౌకాదళం 1960ల నాటికే అంటార్కిటికా మనుషుల మీద అధ్యయనాలు చేయించింది. అక్కడ నెగ్గుకొచ్చేవాళ్లలో మూడు గుణాలు తేలాయి: తన పని తనకు రావడం, మనసు అదుపులో ఉండడం, పక్కవాడితో పొసగడం. పార్టీలో అందరినీ నవ్వించే మాటకారి అక్కడ రాణిస్తాడని ఏమీ లేదు. ఆ చీకట్లో అవే జోకులు మళ్లీ మళ్లీ వినాల్సి వస్తే పక్కవాడి గతి ఊహించండి.

థాయ్‌లాండ్‌లోని తామ్ లువాంగ్ గుహ సంగతి కూడా ఇక్కడే గుర్తుకొస్తుంది. 2018 జూన్ 23న 12 మంది ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ల కోచ్ లోపల ఉండగా వరద ముంచెత్తింది. వెతికేవాళ్లు కనిపెట్టేదాకా తొమ్మిది రోజులు చీకట్లో ఉన్నారు, తిండి లేదు. అంతకుముందు బౌద్ధ భిక్షువుగా ఉన్న ఆ కోచ్ పిల్లల చేత ధ్యానం చేయించాడు, గోడలమీంచి కారే నీళ్లు తాగమన్నాడు. జులై 10 నాటికి అందరూ బయటికొచ్చారు. పరుగులు పెట్టే వయసు పిల్లలకు కూర్చోవడం నేర్పినవాడు దొరకడం వాళ్ల అదృష్టం.

తాడు ఎవరి చేతిలో ఉండాలి?

నల్లమల చెంచులు తేనె కోసం నిలువు కొండచరియల మీదనుంచి తాడు పట్టుకుని దిగుతారు. కింద లోయ, ముఖం మీద తేనెటీగలు. పైన ఆ తాడు దగ్గర కాపలా ఎవరుండాలన్నదానికి వాళ్లలో ఒక ఆనవాయితీ చెబుతారు. బావమరిది ఉండాలి. అన్నదమ్ముడికైతే ఆస్తి తగాదా ఉండొచ్చు, స్నేహితుడికి ఇంకేదో ఉండొచ్చు. బావమరిది తాడు వదిలితే విధవ అయ్యేది వాడి అక్కో చెల్లెలో. ఎవడు మంచివాడు, ఎవడు ధైర్యవంతుడు అని వాళ్లు తూచలేదు. వదిలిపెట్టడానికి వీల్లేనివాడెవడా అని చూశారు. షాకిల్టన్ చేసిందీ ఒక రకంగా ఇదే. మనిషి స్వభావాన్ని నమ్ముకోకుండా, ఆ స్వభావం చెడగొట్టలేని చోట మనిషిని నిలబెట్టడం.

వారాంతాల్లో తడ జలపాతానికో, నాగలాపురం కొండలకో, శేషాచలం దారుల్లోకో వెళ్లే కుర్రాళ్ల గుంపులో ఈ కట్టుబాటేమీ ఉండదు. వాట్సాప్‌లో కలిసిన పదిహేనుమంది. అందరికన్నా గట్టిగా మాట్లాడేవాడు తనంతట తానే నాయకుడవుతాడు. దారి తప్పామని అనుమానం మొదట వచ్చేది సాధారణంగా వెనకాల నడిచే నెమ్మదిమనిషికి, ముందున్నవాడికి వచ్చేది చివర్న. మధ్యలో గంట గడిచిపోతుంది. దారి తప్పినవాడు తన చేతిలోని మ్యాపును చుట్టూ ఉన్న గుట్టలకు సరిపోయేలా మనసులోనే వంచేస్తాడు. ఇదే ఆ వాగు, ఆ బండ ఇదే అయ్యుంటుంది అని. పొద్దుగూకేసరికి నీళ్లు అయిపోతాయి, సిగ్నల్ ఉండదు. ఆ గంటముందే ఆగి, వచ్చిన దారిన వెనక్కి నడిచి, చివరిసారి గుర్తుపట్టిన చోటికి చేరి ఉంటే చాలు. చీకటి పడితే కదలకుండా ఒకేచోట ఉండడం, ఎక్కడికి వెళ్తున్నామో ఎప్పటికి వస్తామో ఇంట్లో చెప్పి రావడం, ఫోన్లలో ఒకటైనా ఆపేసి చార్జింగ్ మిగుల్చుకోవడం, 112 నంబరు గుర్తుంచుకోవడం. ఇవి ఏ టైపువాడైనా చేయగలిగినవే.

ట్రెక్కింగ్ నిర్వాహకులు నింపించుకునే ఫారాల్లో బ్లడ్ గ్రూపు అడుగుతారు, ఉబ్బసం ఉందా అని అడుగుతారు, ఏదైనా జరిగితే మా బాధ్యత లేదని సంతకం పెట్టించుకుంటారు. వాటికి ఇంకో రెండు ప్రశ్నలు కలపాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఈ గుంపులో ఎవరు వెనక్కి పోదామంటే మీరు మాట్లాడకుండా తిరుగుతారు? మీకు ఒంట్లో బాగోలేకపోతే మొదట ఎవరితో చెబుతారు? రెండింటికీ పేరు రాయలేని మనిషి, ఎంత ధైర్యవంతుడైనా, ఆ వారం ఇంట్లో ఉంటేనే నయం. లేదంటే బయల్దేరేముందు బస్‌స్టాండులో పక్కవాళ్లకు టీ ఇప్పించి ఆ రెండు పేర్లూ తేల్చుకోవాలి.